యాభై నాలుగు ఇళ్ళు

లమ్‌జెద్ పోయిన పదకొండో రోజున స్ఫాక్స్ నగరం నుంచి ఫోన్ వచ్చింది. బేయా అప్పుడు నాలుగో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతోంది. బడికి వెళ్ళడం, ఇంటికి రావడం, ఈ రెండే ఇప్పుడు ఆమెకున్న దారులు. మొగుడు పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు ఇంకో గడప తొక్కకూడదు. పేపర్లకి ఆ నియమం తెలియదు కనక అవే ఇంటికి వస్తున్నాయి.

ఫోన్ చేసినవాడు సీ ఫాదెల్, అంటే ఫాదెల్ గారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. కంప్యూటర్లో విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ వాడేవాళ్ళు పెట్టుకున్న మిత్రమండలికి అధ్యక్షుడు. దేవుడు ఓర్పునివ్వాలనీ, అలాంటి మనిషి మళ్ళీ పుట్టడనీ చాలాసేపు చెప్పాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. నలభయ్యో రోజున మండలి వాళ్ళు అయిదుగురు పడవెక్కి కెర్కెన్నా దీవికి వస్తారు. లమ్‌జెద్ పేరు చెక్కిన రాతిపలక ఒకటి తెస్తారు. పన్నెండేళ్ళుగా ఏటా ఆయన పంపుతూ వచ్చిన నివేదిక ప్రకారం ఈ దీవిలో యాభై నాలుగు ఇళ్ళు విండోస్ మానేసి లినక్స్‌కి మారాయి. దేశంలో మరే ఊళ్ళోనూ అందులో సగం లేవు. ఆ ఇళ్ళలో రెండు మూడు చూసి, ఒక ఫొటో తీసుకుని, మండలి పత్రికలో వేస్తారు. టీచరుగారికి అభ్యంతరం లేకపోతేనే.

ఆమెకి అభ్యంతరం లేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పేపర్లు ముట్టుకోలేదు. పిల్లలు లేని ఇల్లు. ఆయన బట్టలు అప్పటికే పంచిపెట్టారు. మిగిలింది ఆ యాభై నాలుగే అనిపించింది.

లమ్‌జెద్ దీవిలోనే రమ్లా అనే ఊరి హైస్కూల్లో సైన్సు ప్రయోగశాల చూసుకునేవాడు. శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే మోపెడ్ ఎక్కి ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళేవాడు. కానుక పట్టుకుని గుమ్మంలోకి వచ్చినవాణ్ణి వద్దని పంపే అలవాటు ఆ దీవిలో లేదు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చునేవాడు, వాళ్ళు కాఫీ పెట్టేవాళ్ళు. డబ్బు తీసుకునేవాడు కాదు, కాఫీ కాదనేవాడు కాదు. "ఇంటి తాళంచెవి ఇంకెవరి జేబులోనో ఉంటే ఇల్లు మనదెలా అవుతుంది?" అని అడిగేవాడు. ఎవరి ఇంట్లోనైనా అదే ప్రశ్న. నిజమే కదా అని అందరూ తలూపేవాళ్ళు. ఒక్క మాట మాత్రం ఉంది: అప్పటికే ఉన్న విండోస్‌ని ఆయన ఏ ఇంట్లోనూ చెరిపేయలేదు. "అది అలాగే ఉండనీండి, పక్కన ఇదీ ఉంటుంది" అనేవాడు. అక్కణ్ణుంచి ఆ కంప్యూటర్ వెలిగించగానే నల్లటి తెరమీద రెండు వరుసలు కనిపించేవి. పై వరుస లినక్స్, కింది వరుస విండోస్. పది సెకన్లు ఎవరూ ఏ మీటా నొక్కకపోతే పైదే దాని మానాన అది తెరుచుకునేది.

ఆయన గెలవలేకపోయిన ఇల్లు ఒక్కటే, ఆయనది. బేయా మారలేదు. బడిలో మార్కులు ఎక్కించే ప్రోగ్రాం విండోస్‌లోనే నడుస్తుందని చెప్పింది. అప్పట్లో అది నిజమే, ఆఫీసు నుంచి కాగితం కూడా వచ్చింది. కాని అసలు కారణం ఆ కాగితానికి ముందే ఉంది. పెళ్ళయిన రెండో ఏడు ఆయన ఒక అరగంట ఆమెకి దాన్ని నేర్పాడు. విసుగు లేకుండా, చెప్పిందే చెబుతూ, తప్పు చేస్తే చిన్నగా నవ్వుతూ నేర్పాడు. ఆ ఓపిక ఆమెకి బాగా తెలుసు. ఆఖరి బెంచీ పిల్లల కోసం తను దాచుకునే ఓపిక అది. రోజంతా వాళ్ళ పక్కన నిలబడి వచ్చిన మనిషి ఇంట్లో ఆ బెంచీ మీద తను కూర్చోలేకపోయింది. మర్నాడు మార్కుల మాట చెప్పింది. ఆయన సరేనన్నాడు.

ఇళ్ళ పేర్లన్నీ ఆయన ఒక రూళ్ళ పుస్తకంలో రాసుకున్నాడు. పలకరింపుకి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు కాబట్టి, వచ్చినవాళ్ళనే అడిగి పెట్టుకుందామనుకుంది. మొదట వచ్చింది పక్కింటి మబ్రూకా. పెళ్ళికూతుళ్ళ బట్టలకి మిషన్ మీద ఎంబ్రాయిడరీ చేస్తుంది. వేడివేడి బార్లీ జావ తెచ్చింది. బేయా సంగతి చెప్పి, వచ్చేవాళ్ళని ముందు మీ ఇంటికే తీసుకొస్తానంది.

మబ్రూకా గిన్నె కింద పెట్టింది, మళ్ళీ ఎత్తింది, ఇంకో చోట పెట్టింది.

"వదినా, నీ దగ్గర దాచి నేనెక్కడికి పోతాను. అది మా ఇంట్లో ఉంది. ఉందంటే, మా అత్తగారి పెళ్ళిబట్టలు ఉన్నట్టు ఉంది."

"అంటే?"

"పెట్టెలో ఉంది. నా కుట్టు డిజైన్లు అందులో తెరుచుకోవు. ఆయన పెట్టి వెళ్ళిన మూడో రోజుకే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నాలుగు గంటలు కూర్చుని పెట్టాడు. నా చేతి మస్‌ఫూఫ్ తిని, ఎంత బాగుందో అన్నాడు. ఆ మస్‌ఫూఫ్‌లో ఉప్పెక్కువైంది వదినా, నాకు తెలుసు."

ఆ తర్వాత మిగతాది తనే చెప్పుకొచ్చింది. ఆయన మోపెడ్ చప్పుడు వీధి మొదట్లోనే వినపడేదట. వినపడగానే కంప్యూటర్ ఆపి మళ్ళీ వెలిగించేదట. పాతకాలపు మిషను, రెండు నిమిషాలు పట్టేది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి తెరమీద లినక్స్ పాస్‌వర్డ్ అడుగుతూ ఉండేది. ఆ పాస్‌వర్డ్ ఆవిడకి ఎప్పుడూ గుర్తులేదు. ఆయనే వచ్చి కొట్టేవాడట. ఎన్నడూ ఏమీ అడగలేదట, పాపం.

బేయా ఆ రూళ్ళ పుస్తకంలో మబ్రూకా పేరు పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టింది.

రెండోవాడు మత్స్యకారుల సంఘంలో గుమాస్తా తూహామీ. మనిషి సూటి. లినక్స్‌లో తప్పేమీ లేదన్నాడు. "ఆయన ఉచితం ఉచితం అనేవాడమ్మా. బయట దేశాల్లో అది గొప్పేమో. ఇక్కడ షుక్రీ కొట్లో మూడు దినార్లిస్తే విండోస్ దొంగ డిస్కు. రెండూ ఉచితమే అయినప్పుడు అలవాటున్నదే గెలుస్తుంది." కాస్త ఆగి, అసలు భయం ఇంకొకటుందన్నాడు. విండోస్ చెడగొట్టేవాడూ, బాగుచేసేవాడూ వీధికొకడున్నాడు. లినక్స్‌కి దీవి మొత్తానికి ఒక్కడే. "లమ్‌జెద్ అన్నకి జ్వరమొస్తే నా కంప్యూటర్ కూడా మంచమెక్కినట్టే కదా. ఇప్పుడు చూడు," అని నాలిక కరుచుకున్నాడు. ఇప్పుడు ఏమైందో చూడడానికి ఇద్దరిలో ఎవరికీ మనసొప్పలేదు. కాఫీ తాగేసి లేచాడు.

అక్కణ్ణుంచి వరుసగా వస్తూనే ఉన్నారు. అడిగితే ముందు అందరూ నీళ్ళు నమిలేవాళ్ళు, తర్వాత ఎవరి కారణం వాళ్ళు దించుకుని తేలికపడేవాళ్ళు. ఒకరి ప్రింటర్ దానితో మాట కలపలేదు. ఒకరి కొడుక్కి ఫుట్‌బాల్ ఆట కావాలి. ఫొటో స్టూడియో అమ్మాయికి పెళ్ళికూతుళ్ళ మొహాలు తెల్లగా చేసే ప్రోగ్రాం కావాలి. మందుల షాపాయనకి నచ్చింది గాని ఆయన దగ్గర పనిచేసేవాడికి నచ్చలేదు. రిటైరైన పోస్టుమాస్టరు మాత్రం ఏడాదిపాటు నిజంగానే వాడాడు. ఆయన డొక్కు మిషను మీద మరేదీ నడిచేది కాదు. ఏడాది తర్వాత అదీ నడవడం మానేసింది. అందరికంటే చివర వచ్చిన వడ్రంగి, తన దగ్గర అసలు కంప్యూటరే లేదన్నాడు. నాలుగేళ్ళ కిందట అమ్మేశాడట. లమ్‌జెద్ వస్తున్నాడని కబురు తెలిస్తే వెనకవీధి బావమరిది ల్యాప్‌టాప్ అరువు తెచ్చి బల్లమీద పెట్టేవాడట.

"అది ఆయన గుర్తుపట్టలేదా?" అంది బేయా.

"బావమరిది ఇంటికి కూడా వెళ్తుండేవాడుగా. పట్టే ఉంటాడు. ఏమనలేదు మరి."

ముప్ఫయ్యో రోజుకి పుస్తకంలో గీత పడని పేరు లేదు. బేయా లెక్కల టీచరు, రెండుసార్లు చూసింది. యాభై నాలుగింటికి యాభై నాలుగు.

అబద్ధం చెప్పారని ఆమెకి కోపం రాలేదు. ఈ ఊళ్ళో మొహమాటం తిండి లాంటిది, పెట్టకపోతేనే తప్పు. ఆమెని నిద్రపోనివ్వనిది వేరు. పన్నెండేళ్ళు ఒక మనిషిని ఊరంతా కలిసి నమ్మించింది. ఆయన నమ్మాడా? నమ్ముతూనే, ఏమీ తెలియని పిల్లవాడిలా, వెళ్ళిపోయాడా? అలా వెళ్ళిపోయి ఉంటే ఆమె భరించలేదు. మనుషులందరిలో తెలివైనవాడని తను చేసుకున్న మనిషి ఆయన. తెలిసే తిరిగి ఉంటే, అదీ భరించలేననిపించింది. ఎవర్నడగాలో తెలియలేదు. అందరి కారణాలూ విన్నాక ఇక అడగడానికి మనిషి మిగల్లేదు.

ముప్పై అయిదో రోజున షుక్రీ వచ్చాడు. డిస్కుల షుక్రీ. రేవు దగ్గర అతనికి ఇంటర్నెట్ కొట్టుంది. లమ్‌జెద్ లినక్స్ పెట్టి వెళ్ళిన ప్రతి ఇంటికీ వెనకాలే వెళ్ళి విండోస్ సర్దిపెట్టేవాడు అతనే. వీధిలో ఎదురైతే ఇద్దరూ సలామ్ కూడా చెప్పుకునేవారు కారని ఊరంతా చెప్పుకునేది. చేతిలో పంచదార పొట్లంతో గుమ్మం దగ్గర కుర్చీ అంచున కూర్చున్నాడు. అతని పేరు పుస్తకంలో లేదు కాబట్టి బేయా ఏమీ అడగలేదు. అతనే మొదలెట్టాడు.

"మీరు అందర్నీ అడుగుతున్నారని విన్నాను, టీచరమ్మా. నన్ను అడగరని తెలుసు. నా కౌంటర్ మీది మిషనులో ఉన్నది లినక్సే. ఎనిమిదేళ్ళయింది."

ఆమె కాఫీ గిన్నె పట్టుకునే ఉండిపోయింది.

అతను చెప్పింది ఇదీ. ఊళ్ళో వాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవ్‌లన్నీ ముందు అతని మిషనులోనే పెట్టాలి. వాటిలో ఉన్న వైరస్‌లన్నీ ముందు అతనికే. ఏడాదికి ఆరుసార్లు అంతా చెరిపి మళ్ళీ మొదలెట్టేవాడు. చివరికి తలవంచి లమ్‌జెద్‌నే పిలిచాడు. రంజాన్‌లో ఉపవాసం విడిచే వేళ వీధిలో పిల్లి కూడా ఉండదు. ఆ వేళకి లమ్‌జెద్ నాలుగు ఖర్జూరాలు జేబులో వేసుకుని వచ్చి, కొట్టు తలుపు దించుకుని లినక్స్ పెట్టేశాడు. తన పేరు పుస్తకంలో రాయొద్దని షుక్రీ బతిమాలాడు. అమ్మేవాడే వాడడం లేదని తెలిస్తే ఇక డిస్కు కొనేదెవరు?

"రాయలేదు," అంది బేయా.

"రాయనన్నాడు, రాయలేదు. దీవిలో నిజంగా వాడేవాణ్ణి నేనొక్కణ్ణి. ఆ ఒక్కటే వదిలేశాడు."

"మిగతావాళ్ళ సంగతి ఆయనకి తెలుసా?"

షుక్రీ ఆమె వంక జాలిగా చూశాడు. "తెలియకపోవడమేంటమ్మా? యాభై నాలుగిళ్ళ పాస్‌వర్డులూ తనే కొట్టాల్సి వస్తే మనిషికి ఆ మాత్రం తెలియదా? అసలు నన్ను ఆ ఇళ్ళకి పంపిందెవరనుకుంటున్నారు? పలానా ఆవిడకి కుట్టు డిజైన్లు తెరుచుకోవడం లేదు, నాతో చెప్పలేక చస్తోంది, నువ్వు ఊరికే వెళ్ళినట్టు వెళ్ళి సర్దిపెట్టు, నేను చెప్పినట్టు తెలియనీయకు, అనేవాడు."

"మరి పుస్తకంలో ఎందుకు రాసినట్టు? నివేదికలెందుకు పంపినట్టు?"

"అదీ అడిగాను. నా చప్పుడు వినగానే పరుగెత్తి వెళ్ళి దాన్ని వెలిగిస్తున్నారు షుక్రీ, నా కోసం అంత కష్టపడే ఇంటిని లెక్కలోంచి కొట్టేయడానికి చెయ్యి రావడం లేదు, అన్నాడు."

బేయా కాఫీ వంపింది. ముప్పై అయిదు రోజుల తర్వాత ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. ఆయన మోసపోలేదు. ఆ ఊరటలోంచే కాస్త అతిశయం కూడా వచ్చింది. ఇంత మందిలో తను మాత్రం ఆయనకి అబద్ధం చెప్పలేదని పైకే అంది. తనకున్న ఇబ్బంది నిజమైనదని, ఆ మార్కుల ప్రోగ్రాం వల్లనే గాని లేకపోతే తనూ మారేదాన్నని అంది.

షుక్రీ పంచదార పొట్లం దారం సరిచేశాడు. ఆ దారం సరిగానే ఉంది.

"ఆ ప్రోగ్రాం," అన్నాడు చివరికి, "రెండేళ్ళ కింద మా కొట్లో నడిపి చూశాడు. లినక్స్‌లో. రెండు రోజులు కుస్తీ పట్టాడు గాని శుభ్రంగా నడిచింది. మొదటి నుంచి చివరిదాకా ఒక తరగతి మార్కులన్నీ ఎక్కించి చూశాం."

"నాతో చెప్పలేదే."

"నేనూ అదే అడిగాను. వద్దులే, చెబితే పాపం తను ఇంకో కారణం వెతుక్కోవాలి, అన్నాడు."

ఇంకాస్త కాఫీ కావాలా అని బేయా అడిగింది. అతని కప్పు నిండుగానే ఉంది. అయినా కావాలన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఉంది. తిరిగొచ్చేసరికి షుక్రీ ఆ నిండు కప్పు గబగబా తాగేసి, ఖాళీది ముందుకు జరిపి కూర్చున్నాడు.

నలభయ్యో రోజున మండలివాళ్ళు పొద్దుటి పడవలో వచ్చారు. బేయా అంతకు ముందే ఒక నిర్ణయానికి వచ్చింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో రాని మార్కు ఎవరికీ వేయలేదు. ఆయన్ని అభిమానించి అంత దూరం నుంచి వచ్చిన వాళ్ళతో నిజం చెప్పేయాలి. ఖురాన్ చదివారు, ఆక్టోపస్ వేసిన కుస్‌కుస్ తిన్నారు, రాతిపలకని గోడకి ఆనించి చూశారు. ఇక చెబుదామని ఆమె నోరు తెరిచేలోగా మబ్రూకా వచ్చి, అయ్యలూ అంతా సిద్ధంగా ఉంది రండి, అంది.

పక్కింటికి వెళ్ళడం గడప దాటడం కిందికి వస్తుందా రాదా అని ఒక ముసలావిడ గొణిగింది. ఈ రోజుకి రాదని తూహామీ తీర్పు చెప్పాడు. మబ్రూకా ఇంట్లో అప్పటికే సగం వీధి ఉంది. కంప్యూటర్ తుడిచి, దానిమీద తన చేత్తో కుట్టిన గుడ్డ పరిచింది. తెర వెలుగుతోంది. నీలం రంగు మీద మబ్రూకా పేరు, కింద ఖాళీ గడి. పాస్‌వర్డ్ కోసం చూస్తోంది.

కొట్టేవాడు లేడని అప్పుడు అందరికీ ఒకేసారి తట్టింది. మబ్రూకా తూహామీ వంక చూసింది. తూహామీ పైకప్పు వంక చూశాడు. వడ్రంగి దగ్గాడు. సీ ఫాదెల్ వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ ఖాళీ గడిని దగ్గర్నుంచి చూశాడు. ఇరవై ఏళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి. ఏం చూడాలో అది చూసేశాడు. నిటారుగా లేచాడు.

"చాలా శుభ్రంగా ఉంది," అన్నాడు. "ఎంత నిలకడగా వెలుగుతోందో చూడండి. ఇక ముట్టుకోవద్దు, ఇలాగే ఫొటో తీసుకుందాం."

అందరూ గుండెల నిండా గాలి పీల్చుకుని తెర చుట్టూ నిలబడ్డారు. ఫొటోలో బేయా మధ్యన ఉంది.

తర్వాత ఫాదెల్, ఈ యాభై నాలుగిళ్ళ బాగోగులు చూసుకోవడానికి దీవిలో మండలి ప్రతినిధి ఒకరుండాలన్నాడు. తలలన్నీ ఒక్కొక్కటిగా బేయా వైపు తిరిగాయి. నిజం చెప్పడానికి ఇదే ఆఖరి సందు. ఆమె చుట్టూ చూసింది. మబ్రూకా చెంగుతో మొహం తుడుచుకుంటోంది. ఫాదెల్ ఆమె ఏం చెప్పినా వినడానికి సిద్ధంగా, ఏమీ వినకపోతే బాగుండునన్నట్టు నిలబడ్డాడు.

"మీరూ ఇదే వాడతారు కదా, టీచరుగారూ?"

"మా ఇంట్లో మొదట్నుంచీ ఉంది," అంది బేయా. ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

"అయితే ఇంకేం," అన్నాడు ఫాదెల్.

"అలాగే," అంది బేయా.

ప్రతినిధి అయ్యాక నేర్చుకోక తప్పలేదు. షుక్రీ శుక్రవారం శుక్రవారం వచ్చి నేర్పాడు. అతనికి ఓపిక తక్కువ. "అది కాదు, ఎన్నిసార్లు చెప్పాలి, పక్కది నొక్కండి" అని కసిరేవాడు. అది ఆమెకి ఎందుకో హాయిగా ఉండేది. మూడో వారానికి ఆమే అతన్ని కసరడం మొదలెట్టింది. ఆ టర్ము మార్కులు లినక్స్‌లోనే ఎక్కించింది. ఎక్కించాక, పక్క కుర్చీ వైపు చూడకుండా లేచి వెళ్ళి దీపం ఆర్పేసింది.

నాలుగు నెలల పది రోజులు నిండాక, వచ్చిన మొదటి శనివారం మధ్యాహ్నం, రూళ్ళ పుస్తకం సంచిలో వేసుకుని బయల్దేరింది. ముందు పోస్టుమాస్టరుగారి వీధికి వెళ్దామనుకుంది. వీధి మొదట్లో రొట్టెల కొట్టు దగ్గరికి వచ్చి ఆగింది. తను నడిచి వచ్చింది, మోపెడ్ లేదు, చెప్పుల చప్పుడు కూడా లేదు. తను వస్తున్నట్టు ఆ ఇళ్ళలో ఎవరికీ తెలియదు.

"రొట్టె ఎంతయ్యా?" అంది, బడి ప్రార్థనలో వాడే పెద్ద గొంతుతో.

రొట్టె ధర ఆ దేశంలో ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలుసు. ప్రభుత్వం కట్టిన ధర, ఏళ్ళ తరబడి మారలేదు. కొట్టువాడు ఆమె మొహం చూశాడు, భుజాన ఉన్న సంచి చూశాడు, తర్వాత మెడ సాచి వీధిలోకి చూశాడు.

"నూట తొంభై మిల్లీములు, టీచరమ్మా," అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాడు. "మెత్తటిది కావాలా, కరకరలాడేది కావాలా?"

"ఏవేం ఉన్నాయో చెప్పు," అంది బేయా.

అతను ఒక్కొక్క రొట్టే తీసి చూపిస్తూ, తీరిగ్గా చెప్పడం మొదలెట్టాడు.